తెల్లమూత సీసా

ఇలా రా. ఆ ఫోను అక్కడే పడేసి రా. ఇంకాస్త దగ్గరికి జరుగు, నా గొంతు మునుపటిలా గది దాటి పోదు. నిన్ను తిట్టడానికే పిలిచాను. కాకపోతే తిట్టడానికి సరిపడా ఊపిరి లేదు, అందుకని కథ చెబుతాను.

ఇందాక ఆ గుమ్మంలో నిలబడి మీ అమ్మను ఏమన్నావు? మళ్ళీ అను చూద్దాం. అనలేవు. నాకు చెవుడని మీకందరికీ ధీమా. నాకు వినపడకూడదని మీరనుకున్నవే నాకు ముందు వినపడతాయి. మీ అమ్మ కిటికీలు రెండూ బార్లా తెరిచింది, ఫ్యాను ఆఖరిదాకా తిప్పింది, నీ కాగితాలు ఎగిరిపోయాయి, నువ్వు ఆపబోతే కసిరింది. జరిగింది ఇంతే కదా? దానికి నువ్వు నవ్వుతూ, "అమ్మకి పిచ్చెక్కింది" అన్నావు.

నేనూ నవ్వుతూనే అన్నాను ఆ మాట. ముప్పై రెండేళ్ళ కిందట, మీ అమ్మమ్మను. మీ అమ్మను కన్న తల్లిని.

మీ అమ్మమ్మ నాకు తోడికోడలని నీకు తెలుసు. నేను అక్కా అనేదాన్ని. ఒకే ఇంట్లో పదహారేళ్ళు, ఒకే పనిలో అప్పటికే ఇరవై ఏళ్ళు ఉన్నాం. ఆవిడ మాట తక్కువ మనిషి. ఇద్దరి వాటా నేనే మాట్లాడేదాన్ని.

మా పని లాండ్రీలో. వీధి చివరి దుకాణం కాదు, మూడు ఆసుపత్రుల బట్టలు లారీల్లో వచ్చే పెద్ద లాండ్రీ. కింద ఉతుకుడు, బాయిలరు. పైన ఇస్త్రీ హాలు. రెండు వరుసల్లో పన్నెండు బల్లలు, పన్నెండు మంది ఆడవాళ్ళం. గోడ వెంట ఆవిరి గొట్టం పోయేది, దానికి గోనెపట్టా చుట్టి ఉండేది, అయినా పక్కన నిలబడితే తొడ కాలిపోయేది. హాలు మొత్తానికి ఒకటే కిటికీ. దానికి మేకులు కొట్టేశారు, వీధి దుమ్ము వచ్చి డాక్టర్ల తెల్లకోట్ల మీద పడుతుందని. ఫ్యాను కూడా లేదు, దుప్పట్లు మడత నిలవవని. కోట్లకు దుమ్ము తగలకూడదు, దుప్పట్లకు గాలి తగలకూడదు. మాకు మాత్రం ఏం తగిలినా ఫరవాలేదు.

ప్రతి బల్ల మీదా రెండు చిమ్మే సీసాలుండేవి. నీలిమూతది నీళ్ళు, బట్ట తడపడానికి. తెల్లమూతది పలచటి గంజి, కోట్ల కాలర్లకీ చేతి పట్టీలకీ. ఈ సీసాలు గుర్తుపెట్టుకో.

మా మీద ఒక సూపర్‌వైజరు ఉండేది. చేతి గడియారాన్ని మణికట్టు లోపలివైపుకు తిప్పి కట్టుకునేది. ఆవిడ మణికట్టు తిప్పి చూసినప్పుడల్లా మాకు చెంప చెళ్ళుమన్నట్టుండేది. అందుకని గడియారం అని పేరు పెట్టాం. నాకు వాగుడుకాయ అని పెట్టింది ఆవిడే, కనుక చెల్లుకు చెల్లు. మా ఈడుదే. నీలం కోటు గొంతుదాకా గుండీలు పెట్టుకుని, అంత ఉడుకులోనూ నిటారుగా తిరిగేది. ఆవిడకు చెమటే పట్టదని హాలంతా నమ్మేవాళ్ళం. గంటకోసారి మాత్రం సరుకు చూసుకోవాలని గుడ్డల గదిలోకి వెళ్ళి తలుపేసుకునేది. ఆ గదిలో బల్బు పోయి నెలలైంది. చీకట్లో ఏం సరుకు చూస్తుందో అని నవ్వుకునేవాళ్ళం.

బల్ల వదిలి వెళ్ళాలంటే ఆవిడ దగ్గర ఎర్రబిళ్ళ తీసుకుని బల్లకు తగిలించి వెళ్ళాలి. దొడ్డికైనా, మంచినీళ్ళకైనా. రోజుకు మూడు బిళ్ళలు దాటితే మర్నాడు కింద మురికిగదిలో పని. ఆసుపత్రి నుంచి వచ్చిన దుప్పట్లు వచ్చినవి వచ్చినట్టు విప్పి, రక్తానిది ఒకవైపు, మలానిది ఒకవైపు, ఉత్త చెమటది ఒకవైపు విడదీసే గది. పక్కనే బాయిలరు. కిటికీ బొమ్మ కూడా లేదు. అక్కడికి వెళ్ళినవాళ్ళు నెలలోపు పని మానేసేవారు. మాన్పించకుండా మాన్పించే దారి అది.

అక్కకు నలభై తొమ్మిది, నాకు నలభై ఆరు అప్పుడు. ఇద్దరికీ ఇంచుమించు ఒకేసారి మొదలైంది. అక్కకు ఒక నెల రాదు, ఇంకో నెల రెండుసార్లు వస్తుంది, వచ్చిందంటే ఆగదు. నాకు నెలసరి నిలిచిపోయి వేడి పట్టుకుంది. అది ఎలా ఉంటుందో చెప్పనా? ఛాతీ కింద ఎవరో అగ్గిపుల్ల గీసినట్టు మొదలవుతుంది. మెడ, చెంపలు, చెవులు. ఒంట్లోంచి ఎటైనా పారిపోదామా అనిపిస్తుంది. రెండు నిమిషాల్లో దిగిపోయి చలి పుడుతుంది. చేతిలో ఇస్త్రీ పెట్టె, ముందు ఆవిరి, లోపల ఇది. నిద్ర లేదు. ఏదో తీయడానికి గదిలోకి వెళ్ళి దేనికొచ్చానో మరిచిపోయి నిలబడేదాన్ని. ఊరికే ఏడుపు, ఏడిచినందుకు కోపం.

మీ చిన్నతాతయ్యకు చెబితే, "ఇస్త్రీ పెట్టె దగ్గర నిలబడితే వేడిగా కాక చల్లగా ఉంటుందా?" అని అటు తిరిగి పడుకున్నాడు. మహానుభావుడు. అంతకంటే పెద్ద వైద్యం ఎవరూ చేయలేదు నాకు.

ఇది ఇదీ అని చెప్పినవాళ్ళు లేరు. మా అమ్మకు ఎప్పుడొచ్చి ఎప్పుడు పోయిందో నాకు తెలియదు. ఒక ఏడాదంతా ఆవిడ గుమ్మం బయట గాలికి మెట్టు మీద కూర్చుని భోజనం చేసింది. ఎందుకమ్మా అని ఐదుగురు పిల్లల్లో ఒక్కరమూ అడగలేదు. హాల్లో కూడా అంతే. పన్నెండు మందిలో ఏడుగురికి అదే బాధ, ఏడుగురమూ జ్వరమనీ, నీరసమనీ, తిన్నది పడలేదనీ చెప్పుకునేవాళ్ళం. పేరెత్తితే ముసలిదైపోయిందని కిందికి పంపేస్తారని భయం.

నోటితో చెప్పలేనిది చేత్తో చెప్పుకున్నాం. ఎవరు మొదలెట్టారో గాని, వేడి పుట్టినప్పుడు గడియారం అటు తిరగ్గానే నీలిమూత సీసా ఎత్తి మొహానికి ఒక చిమ్ము, మెడకు ఒక చిమ్ము. ఎంత సుఖమనుకున్నావు! అవతలి బల్లనుంచి ఇంకొకతె చూసి కన్ను కొట్టేది. అంతే మా కబుర్లు.

ఒక బుధవారం అక్కకు వేడి గట్టిగా వచ్చింది. కళ్ళు మూసుకుని చేతికందిన సీసా తీసి మొహం మీద నాలుగు చిమ్ములు చిమ్ముకుంది. అది తెల్లమూతది.

ముందు తెలియలేదు. చల్లగానే ఉంటుంది కదా. ఇస్త్రీ పెట్టె సెగకు అది ఎండడం మొదలెట్టాక కనుబొమలు నిక్కబొడుచుకున్నాయి. రెప్పలు అంటుకుపోయాయి. ముందు జుట్టు ముళ్ళలా లేచి నిలబడింది. ఏదో అనబోతే బుగ్గలు కదల్లేదు, మాట సగం మూతితో వచ్చింది. మూటలు మోసే ఆవిడ ముందు కిసుక్కుమంది, తర్వాత హాలంతా పగలబడి నవ్వాం. అక్క కూడా నవ్వబోయింది, నవ్వితే చర్మం లాగి, అయ్యో అంది. దాంతో ఇంకా నవ్వు.

గడియారం వచ్చింది.

"కాలర్లకి పెట్టమంటే మొహానికి పెట్టుకుందా ఈవిడ?"

"వేడిగా ఉండి, మేడమ్..." అంది అక్క.

"వేడిగా ఉందా? మిగతా పదకొండు మందీ మంచుగడ్డల మీద నిలబడ్డారు మరి! ఏమే వాగుడుకాయా, మీ ఇంటి మనిషేగా. ఏంటీ వేషాలు?"

సరిగ్గా అప్పుడే నాకూ లేచింది వేడి. మెడ మీద చెమట ధార కడుతోంది. నా బల్లకు అప్పటికే రెండు బిళ్ళలు. ఆవిడ కళ్ళు నా మొహం మీదే ఉన్నాయి. ఇంకో క్షణం చూస్తే నా సంగతీ పట్టేస్తుంది. ఆవిడ చూపు నామీంచి తప్పించాలి, అంతే నాకు తోచింది.

"మా అక్కకి ఈ మధ్య కాస్త పిచ్చెక్కింది లెండి, మేడమ్" అన్నాను.

హాలంతా మళ్ళీ నవ్వింది. గడియారం కూడా పెదవి వంచింది. అక్క ఒక్కతే నవ్వలేదు. ఆ అంటుకున్న రెప్పల్లోంచే నావైపు చూసింది. ఆ చూపు ఇప్పటికీ నా వీపు మీద ఉంది.

శుక్రవారం కాగితం వచ్చింది. సోమవారం నుంచి అక్క మురికిగదికి. కారణం ఏం రాసిందో తెలుసా? మతి స్థిమితం లేదు, సొంత ఇంటివాళ్ళే చెబుతున్నారు అని. మేనేజరు సంతకం పెట్టాడు. అప్పటికి రక్తం పోయి పోయి అక్క మెట్లెక్కడానికే ఆయాసపడుతోంది. బాయిలరు పక్కన ఎన్నాళ్ళు నిలబడుతుంది? ఇంట్లో మీ తాతయ్యకు పనిలేని రోజులు. మీ అమ్మకు పదిహేడేళ్ళు, చదువుకుంటోంది. అక్క పని పోతే ముందు ఆగేది ఆ చదువే.

అక్క ఆ కాగితం పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది.

"నవ్వులాటకన్నాను అక్కా."

"ఆవిడ నవ్వులాటకి రాసుకోలేదే."

తిరిగి వెళ్ళి ఇస్త్రీ చేసుకుంది. ఆ సాయంత్రం బస్సులో నా పక్కన సీటు ఖాళీగా ఉన్నా నిలబడే వచ్చింది.

నామీద నాకు పుట్టిన కోపం మోయలేక దాన్నంతా గడియారం మీదికి మళ్ళించాను. ఉన్నమాట చెబుతున్నాను. ఆ రాత్రంతా పళ్ళు నూరుకున్నాను, ఆవిడ గడియారం ఆగిపోవాలని, ఆవిడ కాళ్ళు వాచిపోవాలని.

శనివారం మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి ఒక నర్సమ్మ వచ్చింది. చిన్న పిల్ల, ముప్పై కూడా ఉండవు. కాగితాల కట్ట తెచ్చింది. నెలసరి ఆగిపోయే వయసులో పనిచేసే ఆడవాళ్ళ బాధలు రాసుకుంటున్నారట. దాన్ని మెనోపాజ్ అంటారని ఆ పిల్ల చెప్పేదాకా దానికో పేరుందని మాకు తెలియదు. పేరుందంటే చాలామందికి వచ్చేదే అన్నమాట! బాధల సంగతి అడిగాక ఆఖర్న ఒక ప్రశ్న ఉంది, అది గట్టిగా చదివి వినిపించింది: "మీ కూతుళ్ళకి ఈ వయసు వచ్చేసరికి ఇది ఎలా జరగాలని మీ కోరిక?"

అలాంటిది మమ్మల్ని ఎవరడిగారు?

"వీళ్ళకి రాయడం రాదు, నేను రాసి ఉంచుతాను. మీరు మేనేజరుగారి గదిలో టీ తాగి రండి" అంది గడియారం, మాటకు తేనె పూసి. ఆ పిల్లకు ఇంకా రెండు లాండ్రీలు తిరగాలి. సరేనంది, వెళ్ళింది.

మడతల గదిలో బల్ల వేసుకుని గడియారం కూర్చుంది. మేం వరుసగా నిలబడ్డాం. మూటలావిడ ముందు, తర్వాత గుండీలు కుట్టే ఆవిడ, ఆ తర్వాత మిగతావాళ్ళు, చివర్లో నేను, నా వెనక అక్క.

మూటలావిడ పావుగంట మాట్లాడింది. "మొదలైనప్పుడు చెప్పేవాళ్ళు నలుగురుంటారండీ. గుడ్డ ఇలా కట్టుకో, ఇలా ఉతుక్కో అని. ఆగిపోయేటప్పుడు చెప్పేవాళ్ళు ఒక్కరు లేరు. నేను చచ్చిపోతున్నాననుకుని పిల్లలకి నా ట్రంకుపెట్టె తాళం ఎక్కడుందో చెప్పేశాను. నా కూతురికి నలభై నిండగానే ఒకరు ఇంటికొచ్చి చెప్పాలి, ఇలా వస్తుంది, ఇలా పోతుంది, చావవు అని."

గుండీలావిడ, "మా అబ్బాయికి బళ్ళోనే చెప్పాలి. పెళ్ళయ్యాక వాడి పెళ్ళానికి ఉడుకెత్తితే వాడే లేచి కిటికీ తీయాలి. అడిగించుకోకూడదు" అంది.

ఎప్పుడూ నవ్వే ఇంకొకావిడ ఉండేది. "మగాళ్ళకి ఒక్క వారం రావాలండీ. ఎక్కువొద్దు, తట్టుకోలేరు, మళ్ళీ మనమే చూసుకోవాలి. ఒక్క వారం చాలు" అంది. గడియారం తప్ప అందరం నవ్వాం.

ఇంకొకావిడ కూర్చుని చేసే పని కావాలంది. ఇంకొకావిడ, "డాక్టరు దగ్గరికెళ్తే ఈ వయసులో ఇంతేనమ్మా అంటాడు. నా కూతురికి ఆ మాట చెప్పే డాక్టరు ఉండకూడదు" అంది. ఒకావిడ ఏమీ చెప్పలేక ఏడ్చేసి వెళ్ళిపోయింది. ఇన్నేళ్ళూ ఇన్ని మాటలు పక్క పక్క బల్లల మీద పెట్టుకుని, మేం కోట్ల మీద గీత నిలిచిందా లేదా అని చూసుకుంటూ బతికాం.

నా వంతు వచ్చింది. గడియారం తల ఎత్తకుండా, "నీదేంటి?" అంది.

నాకు ఏమీ తోచలేదు. వాగుడుకాయనే! కళ్ళు కిందికి దించుకుంటే రాసిన కాగితాలు కనబడ్డాయి. నేను మూడో తరగతిదాకా చదివాను. అక్షరాలు కూడబలుక్కుంటాను, తిరగేసి ఉన్నా సరే, కాస్త ఆలస్యమవుతుంది, అంతే. పై కాగితంలో రెండే మాటలున్నాయి. ఏ-మీ లే-దు. దాని కిందిది కొంచెం పక్కకి జరిగి ఉంది. ఏమీ లేదు. పావుగంట మాట్లాడిన మూటలావిడ కాగితం లాగి చూశాను. ఏమీ లేదు.

"ఇదేంటి మేడమ్?"

"నీకెందుకు? చదవడం వచ్చా నీకు?"

"మూడో తరగతిదాకా వచ్చు. ఈ రెండు మాటలు రెండో తరగతిలోనే నేర్పారు."

కాగితాలన్నీ చేతిలోకి తీసుకున్నాను. ఆవిడ లేచి లాక్కోబోయింది. ఒక కాగితం చిరిగింది. సరిగ్గా అప్పుడే నర్సమ్మ తలుపు తీసింది.

"ఏమైందండీ?"

"ఏం లేదు, ఈవిడకి మాటలెక్కువ."

"నాకెక్కువే తల్లీ" అన్నాను. "కానీ ఇందులో తక్కువైపోయాయి. అదిగో ఆవిడ పావుగంట చెప్పింది. ఎన్ని మాటలున్నాయో లెక్కపెట్టు. రెండు. అందరికీ అవే రెండు."

ఆ పిల్ల ఒక్కొక్కటే తిప్పి చూసింది. గడియారం మొహం గంటు పెట్టుకుంది. తప్పు చేసి దొరికిపోయిన మనిషి తగ్గుతుందనుకుంటాం. తగ్గలేదు, ఇంకా రేగింది.

"అవును, రాయలేదు. ఏం రాయాలి? కిటికీలు, కుర్చీలు, కబుర్లు! అందరు ఆడవాళ్ళకీ వచ్చేదేగా. నాకు మాత్రం రాలేదా? నాకూ యాభై. నేనెప్పుడైనా బిళ్ళ తగిలించానా? నేనెప్పుడైనా మొహాన నీళ్ళు చల్లుకున్నానా? పనిదొంగలకి ఇదో సాకు!" అంటూ నావైపు విసురుగా మెడ తిప్పింది.

మెడ తిప్పితే కరకరమని చప్పుడైంది.

ఇరవై ఏళ్ళు ఇస్త్రీ బల్ల ముందు నిలబడిన మనిషికి ఆ చప్పుడు ఎక్కడ వినపడ్డా తెలుస్తుంది. ఎండిన గంజి మడతపడ్డప్పుడు అయ్యే చప్పుడు. లాండ్రీవాళ్ళ నీలం కోట్లకు గంజి పెట్టరు. ఆసుపత్రివాళ్ళకే పెడతారు. దగ్గరికెళ్ళి చూశాను. కాలరు చెక్కలా నిలబడి ఉంది. చెవి వెనక తెల్లటి పొట్టు రేగింది. మెడ వెనక వెంట్రుకలు పోగులు పోగులుగా అతుక్కుపోయాయి.

రెండు వేళ్ళతో ఆ కాలరు పట్టుకుని వంచాను. కరకర.

"మీ కోటుకి మేం గంజి పెట్టలేదే మేడమ్. ఎవరు పెట్టారు?"

నా చేతిని ఫెడీమని కొట్టింది. దాంతో నాకు 'మీరు' జారిపోయింది.

"గుడ్డల గదిలో బల్బు లేదుగా. చీకట్లో నీక్కూడా తెల్లమూతే దొరికిందా?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. గంటకోసారి ఆ చీకటిగదిలో తలుపేసుకుని ఆవిడేం సరుకు చూసుకుంటోందో అందరికీ ఒక్కసారే అర్థమైంది.

నర్సమ్మ నెమ్మదిగా, "ఎన్నాళ్ళ నుంచి మేడమ్?" అని అడిగింది.

"మూడేళ్ళు" అంది గడియారం. అని, ఆ మాట నోట్లోంచి వచ్చినందుకే మండిపడింది. "అయితే ఏంటి? మూడేళ్ళూ నోరు మూసుకుని పడ్డాను. నాకెవరు కుర్చీ వేశారు? నాకెవరు కిటికీ తీశారు? నేను పడ్డాను, వీళ్ళూ పడనీ. రేపొచ్చేవాళ్ళూ పడనీ. ఊరికే ఎందుకు రావాలి వాళ్ళకి?"

చాలామంది మనసులో ఉండి పైకి అనని మాట అది. నేను ఎన్ని తిట్లు తిన్నానో అన్నీ నా కోడలు తినాలి అనుకునే అత్తలు లేరూ? అలాంటిదే. ఆ మాటంటే నాకు అప్పుడూ అసహ్యమే, ఇప్పుడూ అసహ్యమే. ఆవిడ మీద జాలి పడమంటారు కొందరు. నాకు జాలి రాలేదు. ఉన్న జాలి అక్కకే చాల్లేదు.

గడియారం తలుపు వైపు నడిచింది. నేను గుమ్మానికి అడ్డం నిలబడ్డాను.

"మా అక్క చేసిందీ నువ్వు చేసిందీ ఒకటే పని. సోమవారం అక్క కిందికి దిగితే నువ్వూ దిగాలి. మతి లేదని మేనేజరుతో ఇద్దరి పేర్లూ నేనే చెబుతాను. ఇంతమందీ చూశారు."

ఆవిడ నావైపు చూసిన చూపుకు గంజి దానంతటదే ఎండిపోతుంది. నన్ను పక్కకి తోసుకుని వెళ్ళిపోయింది.

నర్సమ్మ కొత్త కాగితాలు తీసింది. మొదట్నుంచీ మళ్ళీ చెప్పించుకుని తనే రాసింది. మూటలావిడ ఈసారి ఇరవై నిమిషాలు తీసుకుంది. నేను మాత్రం మళ్ళీ ఏమీ చెప్పలేకపోయాను. నా కాగితం మీద నిజంగానే ఏమీ లేదు.

చివరికి అక్క ముందుకొచ్చింది. చేతులు రెండూ బల్ల మీద ఆనించి, నర్సమ్మను కాదు, నన్ను చూస్తూ చెప్పింది.

"నాకొక కూతురుంది. దానికి ఈ వయసు వచ్చినప్పుడు ఇంట్లోవాళ్ళెవరూ దాన్ని పిచ్చిదనకూడదు. బయటివాళ్ళు అంటే అననీ, అది సమాధానం చెప్పుకుంటుంది. ఇంట్లోవాళ్ళు అనకూడదు. అంతే, ఇంకేం వద్దు."

నర్సమ్మ రాసుకుంది. "ఇంకేం వద్దా? కిటికీ, ఫ్యాను?" అని అడిగింది.

"ఇంట్లోవాళ్ళు ఆ మాట అనకపోతే కిటికీ అదే తీసుకుంటుంది" అంది అక్క.

సోమవారం పొద్దున గడియారం హాలు గుమ్మంలో నిలబడి ఉంది. అక్క కింది మెట్ల వైపు తిరగబోయింది. ఆవిడ ఎటో చూస్తూ, "నీ బల్ల అటు కాదు" అంది. మేనేజరుకు ఆ కాగితం పోయిందని చెప్పిందట. నాకేమో ఆవిరి గొట్టం పక్క బల్ల ఇచ్చింది. తొమ్మిదేళ్ళు, నేను మానేసేదాకా అదే బల్ల. అక్క కోసం సంతోషంగా భరించానని చెప్పాలని ఉంది కానీ చెప్పను. రోజూ ఏడిచాను, రోజూ గడియారాన్ని తిట్టుకున్నాను. నేనున్నన్నాళ్ళూ అది నాతో ఒక్క మాట మాట్లాడలేదు. గుడ్డల గదిలో మాత్రం బల్బు వేయించుకుంది.

ఆ కాగితాలు ఎక్కడికెళ్ళాయో ఎవరు చదివారో నాకు తెలియదు. రెండేళ్ళకు కిటికీ మేకులు పీకి సన్నటి జాలీ బిగించారు. ఎర్రబిళ్ళలు ఇంకా చాలాకాలం ఉన్నాయి. మీ అమ్మ ఆఫీసులో ఇప్పుడు ఆ వయసువాళ్ళకు విడిగా ఒక గది ఉందటగా, కుర్చీ, చల్లటి నీళ్ళు, అడిగితే సెలవు. పైఅధికారి కూడా మెనోపాజ్ అని పేరుపెట్టే 'ఎలా ఉంది' అని అడుగుతాడట. మొన్న మీ అమ్మ చెబుతుంటే నేను నోరెళ్ళబెట్టాను. మూటలావిడ బతికుంటే గంతులేసేది. వాళ్ళు కోరుకున్నవి సగం ఎవరికో ఒకరికి అందుతున్నాయి. పెద్దవన్నీ వచ్చాయి. అక్కది చిన్నది. కాణీ ఖర్చు లేనిది, ఎవరి సంతకమూ అక్కర్లేనిది. అది మాత్రం ఇందాక ఆ గుమ్మం దగ్గర నీ నోటి దగ్గరే ఆగిపోయింది.

అక్క నన్ను క్షమించిందా అని అడగకు. ఆరు నెలల తర్వాత బస్సులో నా పక్కన కూర్చుంది. పోయేముందు మూడు వారాలు నా చేత్తోనే నీళ్ళు తాగింది. ఆ మాట మాత్రం మా ఇద్దరి మధ్య మళ్ళీ ఎప్పుడూ రాలేదు. రాలేదంటే పోలేదనే.

ఏడవకు. ఏడుపు మీ అమ్మకు చూపించు, నాకెందుకు. ముందు లేచి వెళ్ళి ఆ కిటికీకి మడత కాగితం అడ్డం పెట్టు, గాలికి కొట్టుకోకుండా. ఇకమీదట మీ అమ్మకు ఉడుకెత్తితే నువ్వే తీయి. అడిగేదాకా ఆగకు. తర్వాత అన్నమాట వెనక్కి తీసుకున్నానని చెప్పు, నవ్వకుండా చెప్పు.

ఇంకొకటి. నేను ఎన్నాళ్ళో ఉండను. ఈ సంగతి నువ్వు బుర్రలో పెట్టుకోవాలి. నీకు నలభై నిండాక నీ పక్కన పనిచేసేవాళ్ళకు చెప్పు, కూతురుంటే కూతురికి చెప్పు, కొడుకైతే మరీ కూర్చోబెట్టి చెప్పు. మూటలావిడ తాళం సంగతి, ఒక్క వారం సంగతి, గడియారం మెడ చప్పుడు, అన్నీ చెప్పు, నవ్వనీ. మీ అమ్మమ్మ కోరిక ఆవిడ చెప్పినట్టే చెప్పు, ఒక్క అక్షరం మార్చకు. ఆ మాట అన్నదెవరని అడుగుతారు. చిన్నమ్మమ్మ కదా పాపం అని నన్ను దాచకు. నేనే అన్నానని చెప్పు.